రోజుకు ఒక్క పలకరింపు

రష్యా వాళ్ళు ఊరికే నవ్వరు. ఈ ఒక్క సంగతి ఎవరైనా ముందే నా చెవిన వేసి ఉంటే, ఆ ఇంట్లో మొదటి నెలంతా బాత్రూములో కుళాయి తిప్పుకొని ఏడ్చే పని నాకు తప్పేది. ఇంటి దగ్గర ఏజెంటు చెప్పిన సంగతులన్నీ అరబ్బుల గురించే. గట్టిగా మాట్లాడితే భయపడొద్దమ్మా, వాళ్ళ గొంతే అంత అన్నాడు. అరబ్బు ఇంట్లో రష్యా ముసలమ్మ కూర్చుని ఉంటుందని ఆయన మాత్రం కలగన్నాడా పాపం!

ఆ ఇల్లు కువైట్‌లో, అర్దియా అనే పేటలో. ఇంటి యజమాని కువైటీ. కుర్రతనంలో చదువుకోవడానికి రష్యా పోయి, అక్కడే ఒకామెను పెళ్ళి చేసుకొని వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మేమంతా ఇంటావిడను మామా అంటాం కాబట్టి నాకూ ఆమె మామానే. ఆమెకు అరబ్బీ గడగడా వస్తుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం రష్యన్ దొర్లుతుంది. ఆమె తల్లి తన ఊళ్ళో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది. ఆ తల్లిని చూసుకోవడానికే నన్ను తీసుకున్నారు. ఇంట్లో అందరూ ఆమెను బాబుష్కా అనేవాళ్ళు. అంటే అవ్వ. నేనూ పైకి అట్లాగే పిలిచాను గానీ, మనసులో మాత్రం మా రాజంపేట వైపు లెక్కన ఆమె నాకు అవ్వే.

అవ్వకు రష్యన్ తప్ప ఇంకో ముక్క రాదు. మనవళ్ళకు అరబ్బీ, ఇంగ్లీషు వస్తాయి, రష్యన్ అర్థమైనా నోరు తిరగదు. అవ్వ ఏదైనా అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పి ఫోన్లో తల దూర్చేవాళ్ళు. ఇక ఆమెకు మాట్లాడటానికి మిగిలింది కూతురు ఒక్కతే, ఆ కూతురేమో పొద్దున ఆఫీసుకు పోతే మధ్యాహ్నం దాటాకే వచ్చేది.

నన్ను తెచ్చిన రోజే మామా తేల్చి చెప్పింది. "మా అమ్మ నిన్ను దగ్గరికి రానిస్తే ఇక్కడ ఉంటావు. రానివ్వకపోతే మక్తబ్. ఇంతకు ముందు వచ్చిన వాళ్ళనెవరినీ ఆమె రానివ్వలేదు."

మక్తబ్ అంటే మమ్మల్ని ఇళ్ళకు పంపే ఆఫీసు. నేను అప్పటికే ఒకసారి తిరిగి వచ్చినదాన్ని. సులైబియా వైపు ఒక ఇంట్లో చేసి, పడలేక వచ్చేశాను. ఆ ఇంట్లో నాకు తిండి సరిగ్గా లేదు, ఫోను లేదు. మక్తబులో హాల్లో వరసగా కూర్చుంటాం. మనుషులు వస్తారు, చేతులు చూపించమంటారు, లేచి నిలబడమంటారు, ఈమె వద్దు ఆమె కావాలంటారు. రెండోసారి తిరిగి వచ్చినదాన్ని మంచి ఇల్లు తీసుకోదు. ఎవరూ నిలవని ఇళ్ళకే పంపుతారు. సులైబియా తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఆ ముసలమ్మ కాళ్ళు పట్టుకునైనా సరే ఆ ఇంట్లోనే ఉండాలనుకున్నాను.

కాళ్ళు పట్టుకోవాలంటే ముందు దగ్గరికి రానివ్వాలి కదా! నేను గదిలో అడుగు పెడితే చాలు, ఆమె కిటికీ వైపు తిరిగేది. ముఖం గంటు పెట్టుకొని అట్లాగే కూర్చునేది. సరే, మాట కలిపితే కరుగుతుందేమోనని ఫోన్లో చూసి ఒక్క మాట నేర్చుకున్నాను. వాళ్ళ భాషలో నమస్కారం. నా నోట్లో అది 'జిద్రాస్తువైతే' అని పలికింది. అసలు మాట 'జ్ద్రాస్త్‌వుయ్‌తే'. అంత అక్షరాల గుంపును ఒక్క ఊపిరిలో ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళకు దండం పెట్టాలి.

మర్నాడు పొద్దున పళ్ళెం పట్టుకొని పోయి, ముఖం నిండా నవ్వు పులుముకొని చెప్పాను. మన దగ్గర ఒక తెల్లమనిషి వచ్చి 'బాగున్నారా' అంటే ఏం చేస్తాం? చప్పట్లు కొడతాం, కుర్చీ వేస్తాం, తిని పొమ్మంటాం, ఫోటో దిగుతాం. అవ్వ ఇటు తిరిగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. పెదవి కూడా కదల్చలేదు. ఆ తర్వాత "యిష్చో రాజ్" అంది.

ఇంకోసారి అని దాని అర్థం. అప్పుడు నాకు తెలియదు. ఆమె చెప్పిన తీరులోనే అర్థమై మళ్ళీ అన్నాను. యిష్చో రాజ్. మళ్ళీ అన్నాను. యిష్చో రాజ్. పళ్ళెంలో గంజి చల్లారిపోయింది, నా చేతులు లాగుతున్నాయి, ఆమె వదలదు. చివరికి ఎట్లా పలికిందో ఏమో, చెయ్యి ఊపి, గంజి అక్కడ పెట్టమంది. బాగా చెప్పావనీ లేదు, థాంక్స్ అనీ లేదు.

అయినా సంబరపడ్డాను. ఆ సంబరంలో మధ్యాహ్నం టీ తీసుకుపోయినప్పుడు మళ్ళీ జ్ద్రాస్త్‌వుయ్‌తే అన్నాను. సాయంత్రం మాత్రలకు పోయినప్పుడు మళ్ళీ అన్నాను. అంతే, ముసలమ్మ భగ్గుమంది! కూతురిని కేకేసి పిలిచి నన్ను వేలెత్తి చూపించి ఏదేదో అరిచింది. నా కథ ముగిసింది, ఇక మక్తబే అనుకున్నాను.

మామా విని నాతో అరబ్బీలో చెప్పింది. "మాలో ఒక మనిషిని రోజుకు ఒక్కసారే పలకరిస్తాం. పొద్దున చెప్పావు కదా. మళ్ళీ చెబితే పొద్దున చూసిన సంగతి నువ్వు మరచిపోయావని అర్థం. నా ముఖం అంత మరచిపోయే ముఖమా అని అడుగుతోంది మా అమ్మ."

వంటింట్లోకి వచ్చి కూలబడ్డాను. ఆ ఇంట్లో వంట చేసేది అమలాపురం దగ్గరామె, నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. ఆమె నా ముఖం చూసి గరిటె పక్కన పెట్టింది.

"ఏమైందే? మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయిందా?"

"నమస్కారం పెడితే తిడ్తాందక్కా. ఇదేం మనిషి? ఇదేం దేశం?"

"నువ్వేమన్నా తక్కువదానివా? మనకి అరబ్బీయే సగం సగం. ఆ రష్యా గోల నీకెందుకు చెప్పు? నోరు మూసుకుని పని చేసుకోరాదూ!"

"నోరు మూసుకుంటే మక్తబుకు తోల్తారక్కా. మాట్లాడితేనే ఈడ ఉంటా."

"అలాగైతే మాట్లాడు. చావు" అంది అక్క, నా ముందు కంచం పెడుతూ.

నిజం చెప్పాలంటే అరబ్బీ నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. అది తిట్ల రూపంలో, పనుల రూపంలో తనంతట తానే నా ఒంటికి పట్టింది. యల్లా, ఖలాస్, జీబీ, రూహీ. కానీ, ఇక చాలు, తే, పో. నువ్వు తప్పు పలికావని ఏ అరబ్బూ నన్ను ఆపలేదు. పని అయితే చాలు వాళ్ళకు. నా నోట్లోంచి వచ్చే మాట సరిగ్గా ఉందా లేదా అని పట్టించుకున్న మనిషి ఈ దేశంలో అవ్వ ఒక్కతే. అది అప్పుడు తెలియలేదు. అప్పుడు కడుపు మండింది, అంతే.

రోజుకు ఒక మాట చొప్పున పట్టుకొని పోయేదాన్ని. నీళ్ళు, మాత్ర, నొప్పి, కిటికీ. ఆమె పద్ధతి ఒక్కటే. తప్పు పలికితే ఆపుతుంది, యిష్చో రాజ్ అంటుంది. సరిగ్గా పలికితే మెచ్చుకోదు. మెచ్చుకోవడానికి బదులు ఒక్కసారిగా వరద వదులుతుంది. నేను రెండు మాటలు సరిగ్గా అన్నానంటే భాషంతా వచ్చేసిందని ఆమె లెక్క. తన ఊరు, మంచు, చచ్చిపోయిన మొగుడు, ఎవరో ఇరుగుపొరుగు, అన్నీ ఆపకుండా చెప్పుకుపోయేది. నేను గుడ్లప్పగించి వినేదాన్ని. అర్థం కాలేదంటే అదే మాట ఇంకా గట్టిగా చెప్పేది, నాకేదో చెవుడు ఉన్నట్టు. పెరుగు డబ్బాల్లో కిటికీ దగ్గర సోయికూర పెంచేది. దాని ఆకు తుంచి నా ముక్కు దగ్గర పెట్టి పేరు చెప్పించేది. ఇద్దరం కూర్చొని ఆలుగడ్డలు చెక్కు తీసేవాళ్ళం. కర్తోష్క అనాలి. నేను 'కరతోసిక' అనేదాన్ని. ఆమె కత్తి ఆపేది. యిష్చో రాజ్.

కానీ ఇప్పుడు కిటికీ వైపు తిరగడం మానేసింది. స్నానానికి నా భుజం పట్టుకొనేది. మామా ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసి, "ఇక నువ్వు ఇక్కడే" అంది. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే కాగితం, అది కూడా ఆ ఇంటి పేరునే కొట్టించారు. ఆ శుక్రవారం ఖైతాన్‌లో మా వాళ్ళ రూముకు పోయి, ఇక నాకు భయం లేదని అందరికీ చెప్పుకున్నాను. నా నోటికి తాళం పడా! ఎందుకు చెప్పుకున్నానో.

ఒకసారి మామా స్నేహితురాళ్ళు వచ్చారు. అందరూ రష్యా వాళ్ళే, ఇక్కడి వాళ్ళను చేసుకున్నవాళ్ళే. పాలరాతి బొమ్మల్లాంటి మనుషులు. నేను ట్రే పట్టుకొని పోయి, టీ తాగుతారా అని రష్యన్‌లో అడిగాను. వాళ్ళ భాషలోనూ టీని చాయ్ అనే అంటారు, అదొక్కటే దేవుడు నాకు చేసిన మేలు. ఒకామె నాకు ఇంగ్లీషులో జవాబు చెప్పింది, అసలు నేను రష్యన్‌లో అడగనే లేదన్నట్టు. ఇంకొకామె ఇది ఈమెకెందుకని మామాను అడిగింది. ఎందుకు, ఎందుకు అని ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. మూడో ఆమె కిలకిలా నవ్వి ఫోను పైకెత్తి, మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అంది. నాకు చెంపలు మండాయి. ట్రే వాళ్ళ మీద కుమ్మరిద్దామా అన్నంత కోపం వచ్చింది.

అప్పుడు మూలన కుర్చీలోంచి అవ్వ లేచింది. తుంటి నొప్పితో లేవలేని మనిషి, కర్ర పట్టుకొని లేచి వాళ్ళను ఏదో అంది. ఏమందో సగమే అర్థమైంది. ఫోను మాత్రం టక్కున కిందికి దిగింది. తర్వాత అవ్వ నా వైపు తిరిగింది. నన్ను మెచ్చుకుంటుందని గుండె ఉబ్బించుకొని నిలబడ్డాను. ఆమె అందరి ముందూ నా తప్పు చూపించింది. చివరి మాట తప్పు పలికావంది. యిష్చో రాజ్.

చెప్పాను. ఆ పాలరాతి బొమ్మలన్నీ వింటుండగా చెప్పాను. అవ్వ తలాడించి "నర్మాల్నా" అంది. పరవాలేదు అని అర్థం. ఆ మనిషి నోట్లోంచి నాకు దొరికిన బిరుదు అదొక్కటే, నేను వంటింట్లోకి పరుగెత్తి అక్కను వాటేసుకున్నాను.

ఇక్కడితో ఆపగలిగితే ఎంత బాగుండు! కానీ నా రాత అట్లా లేదు.

అవ్వ పుట్టినరోజు వచ్చింది. చలికాలం. అప్పటికి ఆమెకు ఒంట్లో బాగాలేదు, బీపీ కిందికి దిగడం లేదు, డాక్టరు ఉప్పు మానమంటే ఉప్పులో ఊరిన దోసకాయలు దాచుకొని మరీ తినేది. పుట్టినరోజుకు ఇంటి నిండా జనం వస్తారని, పొద్దున్నుంచీ నేను వంటింట్లోనే ఉండాలని మామా ముందే చెప్పింది. మరి నేను అవ్వకు ఎప్పుడు చెప్పాలి? ఫోన్లో వెతికి పెద్ద వాక్యం నేర్చుకున్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆరోగ్యంగా ఉండాలి అని. దాన్ని కంఠతా పట్టడానికి నేను పడ్డ పాట్లు ఆ గిన్నెలకే తెలుసు. తోముతూ అదే, తుడుస్తూ అదే. అక్క చెవులు మూసుకొనేది.

పుట్టినరోజుకు ముందు రోజు పొద్దున, గంజి పళ్ళెంతో పాటు చెప్పేశాను. మన వాళ్ళం అంతే కదా! అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే అంటాం. ఎంత ముందు చెబితే అంత ప్రేమ. ఫోన్లో స్టేటస్సులు పెడతాం, నేనే ముందు చెప్పాను, నేనే ముందు చెప్పానని గొప్పలు పోతాం. ఆ ఇంట్లో అందరికంటే ముందు నేనే చెప్పాలని నాకు ఆశ. చెప్పాను. ఎక్కడా తడబడలేదు. నేను ఆ భాషలో పలికినవాటిలో అంత చక్కగా వచ్చిన వాక్యం ఇంకొకటి లేదు.

అవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. చెంచా పడేసి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. న్యెత్, న్యెత్ అంది. వద్దు, కాదు అని. ఎడమ భుజం మీదుగా తు తు తు అని ఉమ్మింది, మంచం కొయ్య మీద వేళ్ళతో కొట్టింది.

నేనేమనుకున్నాను? తప్పు పలికాననుకున్నాను. ఆ మనిషి నాకు నేర్పింది అదొక్కటే కదా, కాదంటే మళ్ళీ చెప్పడం. మళ్ళీ చెప్పాను. ఇంకా గట్టిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి. ఆమె చెవులు మూసుకుంది. నేను దగ్గరికి పోయి, నవ్వుతూ, మళ్ళీ చెప్పాను. దేవుడా, నవ్వుతూ చెప్పాను.

అరుపులకు మామా ఉరికి వచ్చింది. "ఖలాస్! ఖలాస్!" అంటూ నన్ను జబ్బ పట్టి గది బయటికి లాగింది. పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే ఆ మనిషి ఆ రోజు దాకా ఉండదని వాళ్ళ నమ్మకమట. నువ్వు ఆ రోజు చూడవులే, అందుకే ముందే చెబుతున్నా అన్నట్టట. ఒంట్లో బాగాలేని మనిషికి చెప్పానట, అదీ మళ్ళీ మళ్ళీ.

ఆ మధ్యాహ్నమే అవ్వకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. మర్నాడు చేయాలనుకున్న పుట్టినరోజు కేకు ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

"ఉప్పు తిని తిని తెచ్చుకుందే ఆవిడ. నీ మాటకి వచ్చిందంటావేంటే పిచ్చిదానా?" అంది అక్క. "అంత చదువుకున్నావిడ, నీ మీద నెట్టే ముందు మామాకైనా తెలియద్దూ?"

"మనం పిల్లి అడ్డమొస్తే ఆగమా అక్కా? తుమ్మితే కూర్చోమా? మా అమ్మకు ఎవరైనా అట్ల చెప్పుంటే నేను ఊరుకుంటానా? జుట్టు పట్టుకుందును."

నాకు మామా మీద కోపం రాలేదు. కోపమే వచ్చుంటే బాగుండేది, దాన్ని పట్టుకొని బతికేదాన్ని. బీపీ వల్లేనని నాకూ తెలుసు. తెలిసినా, ఆ చెవులు మూసుకున్న చేతులే కళ్ళ ముందు నిలిచేవి, వాటి పక్కన నా నవ్వు ముఖం.

ఆసుపత్రి నుంచి అవ్వను తెచ్చాక మామా నాతో రెండే మాటలు చెప్పింది. కొత్త మనిషి వచ్చేదాకా ఉండు, తర్వాత మక్తబ్. అంతవరకు మా అమ్మ ముందు రష్యన్‌లో నోరు తెరవొద్దు. నేను తలాడించాను.

పనులు మాత్రం నేనే చేసేదాన్ని. పక్క మార్చడం, తుడవడం, గంజి తాగించడం, అన్నీ మూగదానిలా. అవ్వకు మాట నేర్పడానికి ఒకామె వచ్చేది, వాళ్ళ దేశపామే. నీళ్ళ గ్లాసు చూపించి, దీన్నేమంటారు అని అడిగేది. అవ్వ పెదవులు వణికేవి. వ... వ... దగ్గరే ఆగిపోయేది. నేను గుమ్మం దగ్గర గుడ్డలు మడత పెడుతూ వినేదాన్ని. ఆ మాట నాకు వచ్చు. ఆమే నేర్పింది, గంజి చల్లారేదాకా నిలబెట్టి నేర్పింది. ఇప్పుడు ఆ మాట నా నోట్లో ఉంది, ఆమె నోట్లో లేదు. నేను అందించడానికి లేదు. ఎంత దిక్కుమాలిన బతుకు!

అవ్వకు తిరిగి వచ్చిన మాట ఒక్కటే. అది నమస్కారం. అదీ పూర్తిగా కాదు, 'జ్ద్రా... తే' అని. నేను పొద్దున గదిలోకి పోతే అనేది. మొదటిరోజు నా ప్రాణం లేచి వచ్చింది, నన్ను గుర్తుపట్టి పలకరించిందని. పక్క గుడ్డలు తేవడానికి బయటికి వచ్చి మళ్ళీ పోయాను. మళ్ళీ అంది. టీ తెచ్చాను. మళ్ళీ అంది. మాత్రలు తెచ్చాను. మళ్ళీ అదే, అదే మర్యాదతో, ఇంటికి కొత్తగా వచ్చిన మనిషితో అన్నట్టు.

నేను గోడకు ఆనుకొని నిలబడిపోయాను. రోజుకు ఒక్కసారే పలకరిస్తాం, రెండోసారి అంటే మరచిపోయామని అర్థం. నాకు వాళ్ళ భాష గురించి చెప్పిన మొట్టమొదటి సంగతి అదే కదా.

కొత్త మనిషి వచ్చింది. నా సంచి సర్దుకున్నాను. మక్తబుకు తీసుకుపోయే కారు బయట హారన్ కొడుతోంది. అక్క ఏడుస్తూ నాకు దారిలో తినడానికి ఏదో పొట్లం కట్టింది. మామా మేడ మీదే ఉండిపోయింది. చెప్పకుండా పోలేక అవ్వ గదిలోకి పోయాను. కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో సోయికూర ఎండిపోయి ఉంది, దానికి నీళ్ళు పోయాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

అవ్వ నన్ను చూసి "జ్ద్రా... తే" అంది.

ఇక నాకేమిటి భయం? మక్తబుకు పోతూనే ఉన్నాను కదా. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు తెరిచాను. 'జిద్రాస్తువైతే' అన్నాను, మొదటి రోజు అన్నట్టే. కావాలనే తప్పు పలికాను. ఆమె కళ్ళలోకి చూస్తూ ఆగాను. ఇప్పుడు ముఖం చిట్లిస్తుంది, చెయ్యి ఎత్తుతుంది, మాట రాకపోయినా వేలితోనైనా ఇంకోసారి అంటుంది అని చూశాను. ఒక్కసారి అంటే చాలు, కారు వెళ్ళిపోయినా సరే, సరిగ్గా వచ్చేదాకా చెబుతూ అక్కడే కూర్చుందును.

అవ్వ నన్ను చూసి నవ్వింది. చక్కగా, మర్యాదగా, కొత్తవాళ్ళను చూసి మనం నవ్వినట్టు నవ్వింది.